మేలురకం కళ్ళె

ఉగాది వెళ్ళిన మూడో రోజున జిల్లా ఆఫీసు నుంచి రాళ్ళకొట్టాలకు ఒక ఉత్తర్వు వచ్చింది. నెలకు ముప్పై మంది కళ్ళె పట్టి క్షయ పరీక్షకు పంపాలని దాని సారాంశం. ఊళ్ళో దగ్గేవాళ్ళు ముప్పై మంది ఉన్నారా, ఉంటే ముందుకొస్తారా అన్న సంగతి ఉత్తర్వులో లేదు. ముప్పై డబ్బీలు మాత్రం ఉత్తర్వుతో పాటే వచ్చాయి.

ఆ డబ్బీలు వచ్చి పడింది ఆశా కార్యకర్త సుంకులమ్మ నెత్తిన. ఊళ్ళో గర్భిణులు, బాలింతలు, టీకాలు, దోమలు అన్నీ అప్పటికే ఆమె పూచీ. ఇప్పుడు కళ్ళె కూడా చేరింది.

"లక్ష్యమంటే లక్ష్యమే సుంకులమ్మా," అన్నాడు సూపర్‌వైజర్ దస్తగిరి, మోటర్ సైకిల్ వెనక ఐసు పెట్టె కట్టుకొని వచ్చి. "సాధిస్తే ప్రశంస. సాధించకపోతే మెమో. మూడు మెమోలైతే నీ యూనిఫారం చీర ఇంకొకరు కట్టుకుంటారు."

రాళ్ళకొట్టాలలో దగ్గు లేక కాదు. నాపరాయి గనుల్లో పని చేసేవాళ్ళంతా ఊరికి తూర్పున గనిగేరిలో ఉంటారు. అక్కడ కోడి కూయకముందే దగ్గు కూస్తుంది. అయితే క్షయ జాబితాలో పేరెక్కిందని తెలిస్తే చాలు, గని కాంట్రాక్టరు మర్నాటి నుంచి పనిలోకి రానివ్వడు. అందుకని సుంకులమ్మ డబ్బీల సంచితో వీధి మొదట్లో కనబడగానే వీధి వీధంతా దగ్గు మింగేసి కూర్చునేది. దగ్గేవాళ్ళు దొరకరు, దొరికేవాళ్ళు దగ్గరు.

మొదటి నెల దొరికినవాళ్ళతోనే కానిచ్చింది. సర్పంచి, బడి పంతులు, రేషన్ డీలరు, ఆయన బావమరుదులు, అందరూ నవ్వుకుంటూ డబ్బీల్లో ఉమ్మారు. పాలకేంద్రంలో నీళ్ళపాలు తిప్పికొట్టినట్టు జిల్లా ల్యాబు వాళ్ళు ఇరవై తొమ్మిది డబ్బీలను తిప్పికొట్టారు. "ఇది లాలాజలము, కఫము కాదు. పునరావృతమైనచో చర్య తీసుకోబడును" అని చీటీ అంటించారు. ఒక్క డబ్బీకి మాత్రం వేరే రాత రాశారు: "నమూనా చిక్కగాను, నాణ్యముగాను ఉన్నది. రోగము లేదు."

ఆ ఒక్కటీ మద్దిలేటిది.

మద్దిలేటి సుంకులమ్మకు వరసకు మేనమామ. ముప్పై ఏళ్ళు నాపరాయి కొట్టాడు. ఆ ముప్పై ఏళ్ళ దుమ్మూ ఆయన రొమ్ములో భద్రంగా ఉంది. అది క్షయ కాదు, ఉత్త దుమ్ముదగ్గు. "నీ దగ్గుకు రాళ్ళు పగలాలే గానీ నీ సుత్తికి పగలవు, పో" అని కాంట్రాక్టరు రెండేళ్ళ కిందట ఇంటికి పంపేశాడు. అప్పటి నుంచి ఇంటి ముందర బండ మీద కూర్చుని దగ్గడం తప్ప ఆయనకు వేరే పని లేదు. ఆ దగ్గును జిల్లాలో ఎవరో మెచ్చుకున్నారని వినేసరికి మొహం చాటంతయింది.

"చదువు కోడలా, ఇంకో తూరి చదువు."

"చిక్కగా, నాణ్యంగా ఉందంట మామా."

"ముప్పై ఏండ్లు కొట్టినా మా కాంట్రాక్టరు నా రాయిని ఒక్కనాడన్నా మేలురకం అనలా. మరి తక్కినోళ్ళవి?"

"తిరిగొచ్చినాయి, ఇరవై తొమ్మిదీ. నాలుగు రోజుల్లో మళ్ళా పంపకుంటే మెమో అంట."

గనుల్లో ఒక పద్ధతుంది. ఎవరికైనా జ్వరమొచ్చి పనికి రాలేకపోతే, పక్కవాడు తన వంతు రాయి తాను కొట్టి, ఆ పైన రానివాడి వంతు కూడా కొట్టి పెడతాడు. దాన్ని పేరు మీద కొట్టడం అంటారు. అందులో మోసముందని అక్కడ ఎవరికీ తోచదు. కొట్టి పెట్టనివాణ్ణే మనిషి కాదంటారు. మద్దిలేటి తన కాలంలో గనిగేరిలో సగం మంది పేరు మీద కొట్టి ఉంటాడు.

"దీనికింత ఆలోచనెందుకుమే?" అన్నాడు. "రానోళ్ళ పేర్లు చెప్పు. వాళ్ళ పేరు మీద నేను కొట్టి పెడతా."

సుంకులమ్మ ఒక రోజంతా కుదరదంది. రెండో రోజు ఏమీ అనలేదు. మూడో రోజు పొద్దున్నే డబ్బీలు, రెండు పొట్లాల ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు పట్టుకొని మామ బండ దగ్గరికి వెళ్ళింది.

మద్దిలేటి పనివాడు. మిరియాలు వేసి కాచిన నీళ్ళు లోటాడు తాగి, గోడకు వీపు ఆనించి, మొదటి దగ్గు ఊరికే కదిలించడానికి, రెండో దగ్గు పైకి తేవడానికి అని లెక్కగా దగ్గేవాడు. ఒక్కో డబ్బీకి ముందు ఎవరిదని అడిగి తెలుసుకునేవాడు.

"ఇది సర్పంచిది మామా."

"అయితే రెండు చుక్కలు ఎక్కువుండాల. పెద్ద మనిషి. ఇది?"

"పంతులుది."

"ఆయనకు ఈ మాత్రం చాలు. సన్నగా ఉంటాడు."

ముప్పై డబ్బీలూ మేలురకంగా తేలాయి. రోగం ఒక్కదాంట్లోనూ లేదు. ఆరు నెలలు వరసగా అదే ఫలితం వచ్చింది. పరీక్షలు నిండుగా, రోగులు సున్నాగా ఉన్న ఊరు జిల్లా మొత్తం మీద ఇదొక్కటే కావడంతో జిల్లా క్షయ అధికారి డాక్టర్ పురుషోత్తమాచారి స్వయంగా వచ్చి, ఊరి మొగదల ఒక ఆకుపచ్చ బోర్డు పాతించారు. "క్షయ రహిత గ్రామము. ఇచ్చట క్షయ ప్రవేశము నిషిద్ధము."

దీనికి ఒక చిన్న అడ్డంకి వచ్చింది. గనిగేరిలో పుల్లన్న అనే ఆయన పేరు పాత జాబితాలో రోగిగా ఉంది. మద్దిలేటికి ప్రాణస్నేహితుడు. ఆరు నెలలు మింగాల్సిన బిళ్ళల్లో రెండు నెలలవి మింగాడు, ఇంకా నాలుగు నెలలవి ఉన్నాయి. ఆచారిగారు ఆ సమస్యను నిలుచున్నచోటే తేల్చేశారు.

"రెండు నెలలు పూర్తి అయినవా?"

"అయినాయి సార్," అన్నాడు దస్తగిరి.

"పూర్తి అయినవి గనుక చికిత్స పూర్తి అయినట్లు నమోదు చేయవలెను. రోగము లేని గ్రామమునకు మందుల కోటా కొనసాగించుట నిబంధనలకు విరుద్ధము."

పుల్లన్న మూడు రోజులు సుంకులమ్మ ఇంటి చుట్టూ తిరిగాడు.

"ఇంకా నాలుగు నెలల బిళ్ళలుండాయి కదా కోడలా?"

"మన ఊరికే రోగం లేదంట మామా. నీకెట్లుంటాది?"

ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు సుంకులమ్మకు ఆ రోజు అన్నం సహించలేదు. ఆ బిళ్ళలు ఇవ్వమని దస్తగిరిని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆయన బోర్డు వైపు వేలు చూపించాడు. క్షయ మందు సగంలో ఆపితే క్రిమి దెబ్బతిన్న పాములా తయారవుతుంది. ఆ తర్వాత మామూలు మందుకు లొంగదు. ఈ సంగతి సుంకులమ్మకు శిక్షణలో నేర్పారు. నేర్పింది ఆచారిగారే.

తిరునాళ్ళలో దొంగిలించిన మేకనైనా దాచవచ్చు గానీ సర్కారు ఆఫీసులో ఒక రహస్యం దాచడం ఎవరి తరమూ కాదు. ఒక పొద్దున దస్తగిరి చెప్పాపెట్టకుండా వచ్చి, బండ మీద వరసగా పేర్చిన డబ్బీల మధ్య మద్దిలేటిని చూశాడు. డబ్బీలు ఒక్కొక్కటీ తీసి పేర్లు చదివాడు.

"సుంకులమ్మా," అన్నాడు చివరికి, "ఇంత నాణ్యత ఒక్క ఊరికే పరిమితం చేయడం న్యాయమేనా?"

ఆ మరుసటి నెల నుంచి రోజూ జీపు వచ్చేది. మండలంలోని పద్నాలుగు ఊళ్ళ డబ్బీలు మద్దిలేటి బండ దగ్గరికే చేరేవి. దీనికి కేంద్రీకృత నమూనా సేకరణ అని పేరు పెట్టారు. పేర్లు వెతికే శ్రమ లేకుండా దస్తగిరి నాలుగు వందల ఎనిమిది పేర్ల జాబితా ఒకటి తయారుచేయించి, ప్రతి నెలా దాన్నే వాడాడు. మొదటి ముప్పై పేర్లు రాళ్ళకొట్టాలవి. సుంకులమ్మ వాటిని తొందరలో పాత ఓటర్ల జాబితా చూసి రాసింది. అందులో మేకలు మేపుతూ పిడుగు పడి పోయిన తిక్కయ్య పేరు కూడా దొర్లింది. తిక్కయ్య పోయి రెండేళ్ళయినా ఆయన కళ్ళె నెల తప్పకుండా వెళ్ళేది, ఆరోగ్యంగానే ఉన్నట్టు తేలేది. ఈ జాబితాలో లేనిది ఒక్క మద్దిలేటి పేరే. అందరి పేరు మీదా కొట్టేవాడికి తన పేరు మీద కొట్టుకోవడానికి తీరిక చిక్కలేదు.

ప్రజలకు ఆదర్శంగా ఉండాలని ఒక సభలో ఆచారిగారు తానే డబ్బీ పట్టుకొని వేదిక ఎక్కారు. కెమెరాల ముందు అయిదు నిమిషాలు దగ్గారు. కళ్ళనీళ్ళు వచ్చాయి గానీ కళ్ళె రాలేదు. వేదిక వెనక తెరచాటున మద్దిలేటి సిద్ధంగా ఉన్నాడు గనుక పరువు దక్కింది. అప్పటి నుంచి ఆచారిగారిది, తహసీల్దారు, ఎస్సై, ఎంఈవోలవి కూడా చేరి జాబితా నాలుగు వందల పన్నెండయింది. తాను మండలం మొత్తానికి పని చేసి పెడుతున్నానని మద్దిలేటి కొత్త తలపాగా కట్టడం మొదలుపెట్టాడు.

సాయంకాలాలు మాత్రం పాత అలవాటు మానలేదు. పుల్లన్నా ఆయనా ఆ బండ మీదే ఎదురెదురుగా కూర్చుని పులిజూదం ఆడేవాళ్ళు. పుల్లన్న దగ్గు రోజురోజుకూ ముదురుతోంది. మేకను జరుపుతూ ఒకసారి దగ్గుతాడు, పులి మింగినందుకు రెండుసార్లు దగ్గుతాడు. ఇద్దరి తలకాయల మధ్య జానెడు దూరం కూడా ఉండేది కాదు.

శ్రావణం వచ్చేసరికి మద్దిలేటికి సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడసాగింది. తలపాగా కింద మొహం చిన్నదైపోయింది. ఉగ్గాని పొట్లం సగం మిగిలిపోతోంది. ఒక పొద్దున డబ్బీ మూత పెట్టబోతూ సుంకులమ్మ ఆగిపోయింది. కళ్ళెలో ఎర్రటి జీర కనబడింది.

"మామా, ఇదేందిది?"

"వక్కాకు ఎర్రనేమో."

"నువ్వు వక్కాకు నమలవు కదా."

మద్దిలేటి మూత లాక్కొని తానే బిగించాడు. జీపు డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

పన్నెండు రోజుల తర్వాత ఫలితాలు వచ్చాయి. నాలుగు వందల పన్నెండు మందికీ క్షయ! అదీ మామూలు మందులకు లొంగని మొండి క్షయ! సర్పంచికి, పంతులుకు, రేషన్ డీలరుకు, ఆయన బావమరుదులకు, తహసీల్దారుకు, ఎస్సైకి, జిల్లా క్షయ అధికారికి, పిడుగు పడి పోయిన తిక్కయ్యకు, అందరికీ ఒకేసారి వచ్చేసింది.

రాజధాని నుంచి నిపుణుడొకాయన విమానం దిగి వచ్చాడు. మండలాఫీసు హాల్లో గోడకు పటం కట్టి ఎర్రచుక్కలు పెట్టారు. సుంకులమ్మ వెనక వరసలో నిలబడింది. ముందు వరసలో రోగులు, అనగా అధికారులు, మాస్కుల మీద మాస్కులు వేసుకొని కూర్చున్నారు.

"నా ముప్పై ఏళ్ళ అనుభవంలో ఇంత క్రమశిక్షణ గల అంటువ్యాధిని చూడలేదు," అన్నాడు నిపుణుడు. ఆయన గొంతులో గౌరవం కూడా ఉంది. "పద్నాలుగు గ్రామములు, ఒకే నెల! జాబితాలోని వరస నంబర్ల ప్రకారము వ్యాపించినది. నాలుగు వందల పన్నెండు మందిలోనూ ఒకే తల్లి కడుపున పుట్టిన క్రిమి. ఇది మొదట ఎవరికి సోకి ఉండవలెను?"

"వరస నంబరు ఒకటి సర్పంచిది సార్," అన్నాడు దస్తగిరి.

సర్పంచి లేచి తాను ఏ పాపమూ ఎరగనని ప్రమాణం చేశాడు.

"ఇంతకంటే విచిత్రము ఇంకొకటి ఉన్నది," అన్నాడు నిపుణుడు. "మొదటి నెల నుంచి జాబితాలన్నీ తిరగేసితిని. ఈ మండలములో పరీక్ష చేయించుకొనిన వారిలో రోగము రాని మనిషి ఒకే ఒక్కడు. ఆలకుంట మద్దిలేటి. ఆ మహానుభావుడు ఎక్కడ?"

మద్దిలేటిని జీపులో తీసుకొచ్చారు. పూలదండ వేశారు. దండ బరువుకే ఆయన తూలాడు. వంగి, మోకాళ్ళు పట్టుకొని, పేగులు తెగేటట్టు దగ్గాడు. హాలంతా గౌరవంగా చూసింది.

"గమనించండి," అన్నాడు నిపుణుడు, "ఎంత దగ్గుచున్నను రోగము లేదు! ఇదీ రోగనిరోధక శక్తి అంటే. దయచేసి ఎవరూ మాస్కు తీయవద్దు. మన రోగము వారికి అంటరాదు."

సుంకులమ్మ ఇక నిలవలేకపోయింది. తన చీర పోతే పోయిందనుకుంది. సభ అయ్యాక ఆచారిగారి గదిలోకి వెళ్ళి, ఉగ్గాని పొట్లాల నుంచి ఎర్రజీర వరకు ఒక్కటీ దాచకుండా చెప్పేసింది.

"రోగం మా మామ ఒక్కడిదే సార్. మీకెవురికీ లేదు. మెమో ఇస్తారో, ఉద్యోగం తీసేస్తారో మీ ఇష్టం. ఆయనకు మాత్రం మందు ఇప్పించండి. మనిషి దక్కడు సార్."

ఆచారిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నీవు చెప్పినది నిజమైనచో, మండలములోని నమూనాలన్నియు నకిలీవి. అవునా?"

"అవును సార్."

"నా నమూనా కూడా?"

"తెరచాటున ఉన్నింది మా మామే కదా సార్."

"అయినచో క్షయ రహిత బోర్డు కూడా నకిలీది. దానిని పాతినవాడను నేను. కావున నీవు చెప్పినది నిజము కాజాలదు." కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "పైగా మద్దిలేటికి రోగము లేదని నిపుణులే తేల్చినారు. ఆరోగ్యవంతునికి మందులిచ్చుట నేరము సుంకులమ్మా. వెళ్ళిరా."

నిపుణుడు రోగులందరినీ ఇరవై రోజులు పరిశీలనలో ఉంచాడు. ఈ మొండి క్షయకు కొత్త మందులు రావడానికి వ్యవధి పడుతుంది గనుక ఈలోగా మనోబలం కోసం ఒక ప్రతిజ్ఞ రాయించారు. నాలుగు వందల పదకొండు మంది రోజూ పొద్దున బడి మైదానంలో కుడిచేయి ముందుకు చాచి "క్షయ నాలో లేదు, ఉండదు, ఉండబోదు" అని మూడుసార్లు చదివారు. ఇరవయ్యో రోజున నిపుణుడు తన కళ్ళెదుటే ఒక్కొక్కరి చేత డబ్బీలో ఉమ్మించాడు. ఈసారి ఏ డబ్బీనీ తిప్పి పంపరాదని ల్యాబుకు ప్రత్యేక ఉత్తర్వు. ఒక్కరికీ రోగం లేదు.

ఇక ఆనందానికి హద్దు లేదు. ప్రతిజ్ఞా చికిత్స అనే పేరుతో ఆచారిగారు తొంభై పేజీల నివేదిక రాశారు. పక్క జిల్లాల వాళ్ళు ప్రతిజ్ఞ కాగితం కోసం మనుషుల్ని పంపారు. బోర్డుకు కొత్త రంగు వేశారు.

మద్దిలేటి అప్పటికి బండ మీదికి కూడా రాలేక మంచంలోనే ఉన్నాడు. సుంకులమ్మ కూడా ఒకటి రెండు రోజులు ఆయన చెవిలో ప్రతిజ్ఞ చదివి చూసింది. మనిషి ఆశకు చావు లేదు మరి.

అటువంటప్పుడు ఒక రోజు దస్తగిరి తలకు గుడ్డ కట్టుకొని వచ్చాడు.

"ఒకడు మిగిలిపోయినాడు సుంకులమ్మా. నాలుగు వందల పన్నెండులో నాలుగు వందల పదకొండే మూసుకున్నాయి. కంప్యూటర్లో ఒక ఎర్రచుక్క పోవడంలేదు. ఓర్సు తిక్కయ్య. మైదానానికి రాలేదు, ప్రతిజ్ఞ చేయలేదు, రెండో పరీక్ష ఇవ్వలేదు. ఎవరతను? ఇంత నిర్లక్ష్యమేమిటి?"

"ఆయన చచ్చిపోయి రెండేండ్లు దాటింది సార్."

దస్తగిరి అరుగు మీద కూలబడ్డాడు. "చచ్చిపోయినాడని రాస్తే?"

"రాయండి సార్."

"ఎట్లా రాసేది? పోయిన నెల రోగమని తేలినవాడు ఈ నెల చచ్చిపోతే అది క్షయ మరణం. రహిత గ్రామంలో క్షయ మరణం! విచారణ వస్తుంది. ఆచారిగారు నన్ను నిలువునా పాతేస్తారు." లేచి అటూ ఇటూ తిరిగాడు. "లేదు, తిక్కయ్య చావడానికి వీల్లేదు. ఏమైనా సరే, ఆయన్ను బతికించాలి."

సుంకులమ్మ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది.

"అయితే మందులు పంపండి సార్," అంది. "నేను దగ్గరుండి మింగిస్తా."

మొండి క్షయ మందులు వారం లోపల వచ్చాయి. ఏడాదిన్నర మింగాలి. నిబంధన ప్రకారం రోగి నాలుక మీద బిళ్ళ ఉన్నట్టు రోజూ ఫోటో తీసి పంపాలి. తువ్వాలు కళ్ళ దాకా కప్పుకొని, నోరు ఒక్కటే తెరిచి, మద్దిలేటి తిక్కయ్య పేరు మీద మింగడం మొదలుపెట్టాడు. అవి మామూలు బిళ్ళలు కావు. కడుపులో దేవేది. చెవుల్లో గంటలు మోగేవి. రెండో నెలలో ఒక రోజు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నా వల్ల కాదు కోడలా. ఇడిసిపెట్టు."

"నీకేం మామా, నువ్వు ఆరోగ్యవంతుడివి, దండ కూడా ఏసినారు. నువ్వు ఆపితే చచ్చేది తిక్కయ్య. ఆయన పేరు మీద మాటిచ్చి నడిమధ్యలో సుత్తి పారేస్తావా?"

మద్దిలేటి ఇటు తిరిగి నోరు తెరిచాడు. పేరు మీద ఒప్పుకున్న పని ఆయన ఏనాడూ వదిలిపెట్టలేదు.

నాలుగో నెలలో ఆచారిగారు మిగిలిన ఒక్కగానొక్క రోగిని పరామర్శించడానికి దస్తగిరిని వెంటబెట్టుకొని పళ్ళబుట్టతో వచ్చారు. మంచం మీద ఉన్నవాణ్ణి చూసి బొమలు ముడిచారు.

"ఇతడు మద్దిలేటి కదా. తిక్కయ్య ఏడీ?"

"లేడు సార్," అంది సుంకులమ్మ.

"ఎచటికి పోయినాడు?"

"అందరూ పోయేకాడికే సార్. పిడుగు పడి పోయినాడు. నేను మీకు ముందే చెప్పాలని చూసినా."

ఆచారిగారు పళ్ళబుట్ట కింద పెట్టారు. దస్తగిరి కళ్ళు మూసుకున్నాడు. సుంకులమ్మ చీర కొంగు బిగించి పట్టుకొని, ఈ మనిషి ఇప్పుడు ఆ బిళ్ళలు ఆపించాడంటే చేతికందిన దాంతో కొట్టేద్దామని కూడా అనుకుంది. కానీ ఆచారిగారి మొహంలో కోపం రాలేదు. మెల్లగా వెలుగు వచ్చింది.

"దస్తగిరీ, రహిత గ్రామ నిబంధన అయిదు ఏమనుచున్నది?"

"గ్రామంలో నివసించుచున్న జనాభాలో క్షయ ఉండరాదు అని సార్."

"మృతులు నివసించుచున్న జనాభాయా?"

"కాదు సార్."

"మరి మన గ్రామములో నివసించువారికి ఎవరికైనా క్షయ ఉన్నదా?"

"తిక్కయ్యకు ఒక్కడికే సార్. ఆయన నివసించడం లేదు."

"అంతే కదా!" ఆచారిగారు పళ్ళబుట్టలోంచి ఒక అరటిపండు తానే ఒలుచుకున్నారు. "పరీక్షలు నిండును, మందులు కదులును, బోర్డు నిలుచును. ఇకపై ఈ గ్రామములో ఎవరికైనా రోగము నమోదు చేయవలసి వచ్చినచో మృతుల పేరిట మాత్రమే చేయవలెను. బతికి ఉన్నవారి పేరిట ఒక్కటి వచ్చినను సహించను."

ఈ మాట నోటి మాటగా అన్నదే గానీ ఏ కాగితం మీదా లేదు. అయినా పొద్దు వాలేలోపల గనిగేరికి చేరిపోయింది. కొన్ని నెలలకు మద్దిలేటి లేచి బండ మీదికి వచ్చాడు. ఎర్రజీర పోయింది, జ్వరం పోయింది, ఉగ్గాని పొట్లం ఖాళీ అవుతోంది. ఒక పొద్దున డబ్బీలో దగ్గి, వెలుతురుకు పట్టి చూసి దిగులుపడ్డాడు.

"పలచబడిపోయింది కోడలా. ఇంతకు ముందున్న చిక్కదనం లేదు. ఇంక ఇది మేలురకం అనరు."

"అనకుంటే పోనీలే మామా," అంది సుంకులమ్మ. చాలా కాలానికి ఆమెకు మనసారా నవ్వొచ్చింది.

ఆ నవ్వు మొహాన ఉండగానే, వీధిలో ఎవరో తన కోసం నిలబడినట్టు అనిపించి తిరిగి చూసింది. ఒక్కరు కాదు, పదిమంది దాకా ఉన్నారు. ఇన్నాళ్ళూ తన సంచి చూడగానే దగ్గు మింగేసే మనుషులే. ఇప్పుడు దాచుకోకుండా దగ్గుతూ వరసగా నిలబడ్డారు. పేరు జాబితాకెక్కినా కాంట్రాక్టరుకు తెలిసేది లేదు, చచ్చినవాళ్ళను పనిలోంచి ఎవరు తీసేస్తారు? ఒకడు పోయిన ఏడు పోయిన తన తండ్రి ఆధార్ కార్డు తెచ్చాడు. ఒకామె అత్త పేరు కాగితం మీద రాయించుకొని తెచ్చింది. మా అవ్వ పేరు ఖాళీగానే ఉందక్కా, రాసుకో అంటోంది ఇంకొకామె.

వరసలో అందరికంటే ముందు పుల్లన్న ఉన్నాడు. ఎముకల గూడయిపోయాడు. ఆయన చేతిలో కార్డేమీ లేదు, నీళ్ళ డబ్బా మూత అంత ఫోటో ఒకటి ఉంది. నాలుగేళ్ళ కిందట గనిలో బండ జారి పోయిన ఆయన పెళ్ళాం లింగమ్మది.

"దీని పేరు మీద నాకు రాయి కోడలా," అన్నాడు. దగ్గు ఆగేదాకా ఆగి, మళ్ళీ అన్నాడు. "నాకు జ్వరమొచ్చిన నాడల్లా నా పేరు మీద ఇదే కొట్టేది. కడుపుతో ఉండి కూడా కొట్టింది. ఈ ఒక్క తూరి మళ్ళా కొట్టమను."

సుంకులమ్మ ఆ ఫోటో అందుకుంది. కళ్ళు తుడుచుకొని, బండ మీద కూర్చుని, కొత్త డబ్బీ తీసి, దాని మీద లింగమ్మ అని రాసింది. రాశాక పుల్లన్న మొహం వైపు చూసింది.

"ఫోటో తీసేటప్పుడు తువ్వాలు ముక్కు కిందిదాకా బాగా కప్పుకో మామా," అంది. "మీసం కనబడగూడదు."